మారుమనువు పోయింది, కట్నం వచ్చింది

మారుమనువు అనే మాట మా పల్లెలో ఇప్పుడు తిట్టు. ఆ మాట ఎవరన్నా అంటే ఆడాళ్ళు కొప్పులు పట్టుకుంటారు. మా నాయనమ్మ చిన్నతనంలో అది తిట్టు కాదు, ఒక ఏర్పాటు. మొగుడు చచ్చిపోయినా, వదిలేసినా, తాగొచ్చి చావగొడుతుంటే ఓర్చుకోలేక తనే బయటికొచ్చినా, ఆడది కులపెద్దల ముందు కూచుని లెక్క తేల్చుకునేది. మనువప్పుడు మగపెళ్ళివారు ఇచ్చిన ఓలి ఎంత, అందులో తిరిగి ఇవ్వాల్సింది ఎంత, పిల్లలు ఎవరి పంచన ఉండాలి. ఆ లెక్క తేలాక ఇంకో మనువుకి పోయేది. మా నాయనమ్మ వాళ్ళమ్మ అట్లా రెండో మనువుకి వచ్చినామె. మా వంశం మొత్తం ఆ రెండో మనువులోంచే వచ్చింది. ఈ సంగతి మా నాన్న బతికున్నన్నాళ్ళు ఇంట్లో ఎవరూ నోరెత్తి అనకూడదు. ఆయన సంఘపెద్ద మరి.

మా ముత్తవ్వకి తప్పుకానిది మా నాన్నకి సిగ్గెట్లా అయింది? ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే మా మాదిగపల్లెలోకి క్రైస్తవం వచ్చిన కథంతా తవ్వాల్సి వచ్చింది. మిషనరీలు రాసిన చరిత్రలో మేం అంకెలం. మా మగవాళ్ళు రాసుకున్న చరిత్రలో మా అమ్మలు వెనక గదిలో వంట చేస్తుంటారు. క్రైస్తవం మా ఆడవాళ్ళకి ఇచ్చిందేంది, తీసుకున్నదేంది, మా మగవాళ్ళని ఎట్లాంటి మగవాళ్ళని చేసింది అని రాసినవాళ్ళు తక్కువ. నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగు నేలకి వచ్చారు. నెల్లూరులో పాతికేళ్ళు మొత్తుకున్నా చేరినవాళ్ళు పిడికెడు మంది. మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చలు కూడా జరిగినయ్. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూయెట్ దొర ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశాడని ప్రతి ప్రసంగంలో చెబుతారు. ఆ కొండ మీద ఉన్నది అయిదుగురు. దొర, దొరసాని, నర్సు అనే మనిషి, జూలియా, రూతు. అంటే అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. మా చిన్నప్పుడు సండేస్కూల్లో ఆ కొండ బొమ్మ గీసి ఒకే ఒక దొరని మోకాళ్ళ మీద నిలబెట్టేవాళ్ళు. మిగిలిన నలుగురూ ఎక్కడికి పోయారో ఎవరూ అడగలా.

1866లో తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య బాప్తీస్మం తీసుకున్నాడు. తోళ్ళ బేరం చేసే మాదిగ. ఆయనతోపాటు భార్య నాగమ్మ. పేరయ్య అంతకుముందు రాజయోగం నేర్చినవాడు. నేర్పింది ఒక ఆడ గురువు. ఇది నేను కల్పించింది కాదు. ఒంగోలు క్లౌ దొర రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో మాదిగల మీద రాసిన పుస్తకంలో ఉంది. ఈ ఎమ్మా మామూలు దొరసాని కాదు. ఆడవాళ్ళ హక్కుల మీద వాదించిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ గురించి 1898లో ఒక పుస్తకం అచ్చేసిన మనిషి. ఏడాది తిరక్కుండా మా చెప్పులు కుట్టుకునేవాళ్ళ కథలు రాసింది. మాదిగోళ్ళకి ఆడ గురువులుండేవాళ్ళని రాసిపెట్టింది కూడా ఆమే. మిషన్ వచ్చిన తర్వాత మాకు ఆడ గురువు లేదు. బైబిలు స్త్రీ ఉంది. ఆమె ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెబుతుంది, జబ్బు చేసినవాళ్ళ దగ్గర కూచుంటుంది, పాటలు నేర్పుతుంది. వేదిక మాత్రం ఎక్కదు.

ఆ తర్వాత కరువు. 1876 నుంచి 78 దాకా దక్షిణాదంతా మాడిపోయింది. క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళకి పని పెట్టాడు. మగాడు గడ్డపార పడితే ఆడది తట్ట మోసింది. కరువు ఉన్నంతకాలం దొర ఎవరికీ బాప్తీస్మం ఇవ్వలేదు, కూటికోసం మతం మారారనే మాట రాకూడదని. పని అయిపోయాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది మునిగారు. ఏడాది తిరిగేసరికి ఆ లెక్క తొమ్మిది వేలు దాటింది.

ఆ నీళ్ళలోంచి లేచినవాడు ఎట్లాంటి మగవాడు? ఇది ఆలోచించాలి. అప్పటిదాకా ఊళ్ళో వాడు "ఒరే". అరవయ్యేళ్ళ ముసలాడయినా ఆసామి కొడుకు పాలబుగ్గలోడికి వాడు ఒరేనే. చెప్పులు కుట్టేది తనే, ఊళ్ళో చెప్పులేసుకుని నడవకూడనిది తనే. పెళ్ళాన్ని ఆసామి చేలో ఏమన్నా చేస్తే చూసి తలొంచుకుని రావాలి. క్లౌ దొర చేరినవాళ్ళకి పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి చిన్న మాటలు. ఆదివారం పనికి రానని మాదిగోడు చెప్పడమంటే వెట్టికి ఎదురు తిరగడం. అమ్మవారి జాతరకి డప్పు కొట్టనన్నాడంటే ఊరు మొత్తానికి ఎదురు తిరగడం. తన్నులు తిన్నారు, బావుల దగ్గర నీళ్ళు ఆపారు, కేసులు పెట్టారు. అయినా నిలబడ్డారు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

డప్పు గురించి ఒక మాట. కొట్టనని చెప్పింది ధైర్యమే. కానీ ఆ చేతుల్లో విద్య కూడా పోయింది. మా నాన్న తరానికి డప్పంటే సైతాను వాయిద్యం. 1994 జూలై 7న ఈదుముడిలో దండోరా మొదలయ్యాక గానీ మా కుర్రాళ్ళు దాన్ని మళ్ళీ భుజానికెత్తుకోలా. అప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ డప్పు ఆడపిల్ల భుజానికి ఎక్కాలంటే మాత్రం వాళ్ళకీ చేతులు రాలేదు.

ఆడవాళ్ళ సంగతి. నేను రాసేది చదివి, క్రైస్తవం రాకముందు మా ఆడవాళ్ళు స్వర్గంలో ఉన్నారని ఎవరన్నా అనుకుంటే పొరపాటు. పసిపిల్లల పెళ్ళిళ్ళున్నయ్. మాతంగులని, జోగినులని ఆడపిల్లల్ని దేవతకి వదిలేయడం ఉంది. వదిలిందేమో దేవతకి, అనుభవించేది ఊరు. దానికి ప్రభుత్వం చట్టం చేసింది 1988లో. సంఘంలో చేరిన ఇళ్ళలో అది వందేళ్ళ ముందే ఆగిపోయింది. మారుమనువుకి పోయిన ఆడదానికి మొదటి పెళ్ళికున్న మర్యాద ఉండేది కాదు. ముత్తైదువుల్లో నిలబెట్టేవాళ్ళు కారు. పిల్లల్ని చాలాసార్లు మొగుడి ఇంట్లోనే వదిలి రావాల్సి వచ్చేది. మా ముత్తవ్వ ఇద్దరు పిల్లల్ని అట్లానే వదిలొచ్చింది. నాయనమ్మ ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది.

సంఘం రవికె ఇచ్చింది, పలక ఇచ్చింది. పోలి, పెంటి అని పిలిపించుకున్నోళ్ళకి మరియమ్మ, రూతమ్మ, ఎస్తేరమ్మ అని పేర్లిచ్చింది. మా అమ్మ బోర్డింగు స్కూల్లో చదివింది. అక్కడ చదువుతోపాటు కుట్లు, అల్లికలు, పిల్లల పెంపకం, ఇల్లు సర్దుకోవడం నేర్పారు. బోధకులకీ పంతుళ్ళకీ తగిన భార్యల్ని తయారు చెయ్యడం ఆ బోర్డింగుల ఉద్దేశాల్లో ఒకటి, దాన్ని దాచుకోలేదు కూడా. కానీ మనిషికి చదువు ఒకందుకు నేర్పితే ఆ మనిషి దాన్ని ఇంకొకందుకు వాడుకుంటుంది. అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చి కట్టిన ఆస్పత్రి లాంటి చోట్ల మా పిల్లలు నర్సింగు నేర్చుకున్నారు. నెల జీతం కళ్ళచూసిన మొదటి ఆడవాళ్ళు మా పల్లెల్లో పంతులమ్మలూ నర్సమ్మలే. వాళ్ళ జీతం తమ్ముళ్ళని కాలేజీకి పంపింది. ఆ తమ్ముళ్ళే తర్వాత నర్సుల్ని చేసుకోవడానికి "రాత్రి డ్యూటీలు గదా" అని మొహం తిప్పారు.

ఇచ్చిన చేత్తోనే తీసుకున్నది కూడా ఉంది. మిషనరీలు తెచ్చిన పెళ్ళి విక్టోరియా రాణి కాలం నాటి తెల్లవాళ్ళ మధ్యతరగతి పెళ్ళి. మొగుడు సంపాదిస్తాడు, పెళ్ళాం ఇల్లు చూసుకుంటుంది, చావు వచ్చేదాకా విడిపోరు. మా ఇళ్ళలో ఇల్లు చూసుకునే ఆడది ఎప్పుడుంది? తెల్లారేసరికి నాట్లకో కోతలకో పోయేది. కులపంచాయితీ అనాగరికం కాబట్టి దాన్ని తీసేసి సర్కారు చట్టం పెట్టారు. 1869లో విడాకుల చట్టం, 1872లో క్రైస్తవ వివాహ చట్టం. ఆ 1869 చట్టంలో ఏముందో మా పల్లెల్లో చాలామందికి తెలియదు. భార్య వ్యభిచారం చేసిందని రుజువు చేస్తే చాలు, భర్తకి విడాకులు. భార్యకి అది చాలదు. వ్యభిచారంతోపాటు హింస, లేకపోతే వ్యభిచారంతోపాటు రెండేళ్ళు వదిలెయ్యడం, ఇట్లా రెండు నేరాలు జోడించి చూపించాలి. కొట్టి చంపుతున్నాడని ఒక్కటే చెబితే విడిగా ఉండనిస్తారు గానీ విడాకులివ్వరు. జిల్లా కోర్టు విడాకులిచ్చినా దాన్ని హైకోర్టులో ముగ్గురు జడ్జీలు ఖాయం చెయ్యాలి. తట్ట మోసే ఆడదానికి హైకోర్టు!

అంబేడ్కర్ హిందూ కోడ్ బిల్లు కోసం కొట్లాడి 1951లో మంత్రి పదవి వదిలేశాడు. దాని ఫలితం 1955లో హిందూ వివాహ చట్టంగా వచ్చింది. మనుధర్మం కింద నలిగిన ఆడవాళ్ళకి విడాకుల హక్కు దొరికింది. మనుధర్మాన్ని వదిలి వచ్చామనుకున్న మేం 1869 చట్టం కిందే 2001 దాకా ఉన్నాం. నలభై ఆరేళ్ళు. ఈ నలభై ఆరేళ్ళలో ఏ సంఘం కూడా మా పల్లెకొచ్చి ఈ చట్టం గురించి ఒక కూటం పెట్టినట్టు నేనెరగను. అది మార్చమని కోర్టులకెక్కింది ఎక్కువగా కేరళ క్రైస్తవ స్త్రీలు. 1995లో కేరళ హైకోర్టు ఆ రెండు నేరాల లెక్కని కొట్టేసింది. 2001లో పార్లమెంటు చట్టం మార్చి ఇద్దరికీ ఒకే కారణాలు పెట్టింది, ఇష్టపడి విడిపోయే దారీ ఇచ్చింది.

అప్పటికి మా అక్క జీవితం తెల్లారిపోయింది.

అక్కకి 1983లో పెళ్ళయింది. గుళ్ళో, తెల్లచీర, సిలువ గుర్తున్న తాళి, మూడు ఆదివారాలు ప్రకటన. కట్నం పదిహేను వేలు, ఒక సైకిలు. ఓలి ఇచ్చి పిల్లని తెచ్చుకున్న జాతి మూడు తరాల్లో కట్నం తీసుకునే జాతి ఎట్లా అయిందంటే, మగపిల్లాడికి ఉద్యోగం రావడంతో అయింది. అదేం క్రైస్తవం నేర్పింది కాదు. ఊరిమీద ఆసామి ఇళ్ళలో చూసి నేర్చుకున్నాం. 1961లోనే కట్నం నేరమని చట్టమొచ్చింది. పెళ్ళి ప్రకటన చదివే పాస్టరుగారికి కట్నం ఎంతో తెలుసు. మధ్యవర్తుల్లో ఆయనా ఒకడు.

బావ మూడేళ్ళకి వదిలేసి ఇంకో ఊళ్ళో ఇంకో మనిషితో ఉన్నాడు. అక్క ప్లీడరు దగ్గరికి పోయింది. అక్కడ అసలు సంగతి బయటపడింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువుకే ఎస్సీ హోదా. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుణ్ణి చేర్చలేదు. ఆంధ్రలో మాకు ఇచ్చింది బీసీ-సీ, ఒక్క శాతం. అందుకని బడి రిజిస్టర్లో మేమంతా హిందూ మాదిగ. అక్క పంతులమ్మ ఉద్యోగం దాని మీదే వచ్చింది. బావ ఉద్యోగమూ అంతే. బావ తరఫు ప్లీడరు ఏమన్నాడంటే, మా క్లయింటు హిందువు, హిందూ పద్ధతిలో పెళ్ళి జరగలేదు, కాబట్టి ఈమె భార్యే కాదు. అక్క ప్లీడరు చెప్పింది ఇంకా దారుణం. "అమ్మా, నువ్వు క్రైస్తవురాలివని కోర్టులో నిరూపిస్తే పెళ్ళి నిలబడుద్ది, ఉద్యోగం పోద్ది. హిందువునంటే ఉద్యోగం నిలబడుద్ది, పెళ్ళి పోద్ది. ఏది కావాలో నువ్వే చెప్పు."

అక్క ఉద్యోగమే కావాలంది. ఒక కూతురు ఉంది గదా. ఏ మతమైనా వర్తించే 125 సెక్షను కింద భరణం అడిగింది. అప్పట్లో దానికి నెలకి అయిదొందలకి మించి ఇవ్వకూడదని హద్దు. అదీ ఆర్నెల్లు వచ్చి ఆగిపోయింది.

1990లో పక్క పల్లె నుంచి ఒకాయన అడిగాడు. భార్య చనిపోయి ఇద్దరు పిల్లలు, నెమ్మదస్తుడు. అక్కకి ఇష్టమే. అమ్మకీ ఇష్టమే. సంఘపెద్దలు కూచున్నారు. మొగుడు బతికుండగా ఇంకొకడితో ఉంటే అది వ్యభిచారం, ప్రభుబల్ల ఆపేస్తాం అన్నారు. ఆ కూచున్నవాళ్ళలో మా నాన్న ఉన్నాడు. ఆయన రెండో మనువు ఆడదాని మనవడు. ఆ రాత్రి నాయనమ్మ, తొంభయ్యేళ్ళ మనిషి, మంచం మీంచి గట్టిగానే అంది: "మీ సంఘం కంటే మా కులపంచాయితే మేలురా." నాన్న దీపం తగ్గించి పడుకున్నాడు. బావని మాత్రం అక్కడి సంఘంలో ఎవరూ ఆపలేదు. క్రిస్మస్ చందా ఎక్కువే రాసేవాడంట.

నేను నాన్నని దుర్మార్గుడని రాయడానికి కూచోలేదు. ఆయన్ని అర్థం చేసుకోవడానికి నాకు ముప్ఫయ్యేళ్ళు పట్టింది. పగలంతా ఊళ్ళో "ఒరే" అనిపించుకున్న మనిషి, ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని గుళ్ళో ముందు వరసలో కూచుంటే, అక్కడ ఒక పుస్తకం ఆయనతో నువ్వు శిరస్సువి అంది. ఆ మాట ఇంకెవరూ ఆయనతో అనలేదు. ఊరు తల వంచమన్నది, వాక్యం తల నువ్వే అన్నది. ఆ తలని ఆయన ఎక్కడ ఎత్తగలడు? ఇంట్లోనే. మా మగవాళ్ళ మగతనం గురించి రాసేవాళ్ళు ఈ రెండు ఆదివారం-సోమవారం తలల్ని కలిపి చూడాలి.

అయితే ఆ పత్రికని నేనూ చదివాను. ఎఫెసీయులకు పౌలు రాసింది. పెళ్ళిళ్ళలో చదివేది అయిదో అధ్యాయం 22 నుంచి. దానికి ముందు 21 ఉంది. ఒకరికొకరు లోబడండని. అది చదవరు. 25 నుంచి భర్త భార్య కోసం తన్ను తాను ఇచ్చుకోవాలని ఉంది. అది చదువుతారు గానీ గొంతు మెత్తబడుద్ది. ఆరో అధ్యాయంలో దాసులు యజమానులకి లోబడాలని ఉంది. అదే పత్రిక, అదే చెయ్యి, కాయితం తిప్పితే ఆ వాక్యం. దాన్ని మా గుళ్ళో ఎవరన్నా పైకి చదివి, కాబట్టి ఆసామి చెప్పినట్టు వినండి అంటే మా మగవాళ్ళు ఊరుకుంటారా? ఆ కాలం మాట అది, ఈ కాలానిది కాదు అంటారు. ఒక పేజీకి కాలం మారిందంట, ముందు పేజీకి మారలేదంట.

1985 జూలైలో కారంచేడు చెరువు దగ్గర మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మాదిగలు నీళ్ళు తెచ్చుకునే చోట కమ్మ కుర్రాళ్ళు గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే ఒక పిల్లాడు వద్దన్నాడు. వాడిని కొడుతుంటే ఆమె అడ్డం పోయింది. కొట్టబోతే బిందె ఎత్తింది. మర్నాడు, 17న, ఆరుగురు మాదిగల్ని చంపారు, ఆడవాళ్ళని చెరిచారు. దళిత మహాసభ ఆ నెత్తుటిలోంచే పుట్టింది. ఆమె పేరు చూడండి, సువార్త. లోబడే భార్య, మౌనంగా ఉండే స్త్రీ అని మా ప్రసంగాల్లో చెప్పే గుణాల్లో ఏ గుణం వల్ల ఆమె ఆ బిందె ఎత్తింది? ఆ ఏడాది మా గుళ్ళో కారంచేడు కోసం ప్రార్థన చేశారు. ఆ బిందె గురించి మాత్రం ప్రసంగం రాలేదు. దళిత ఉద్యమం వేదికల మీదైనా ఆమె పక్కన కుర్చీలు ఎక్కువగా మగవాళ్ళవే. 1995లో "చిక్కనవుతున్న పాట", "దళిత మేనిఫెస్టో" వచ్చినప్పుడు ఆబగా చదివాం. మా ఇంటి లోపలి సంగతి కోసం 2003లో గోగు శ్యామల "నల్లపొద్దు" దాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పటి సంగతి వేరు అంటారు. కొంత వేరే. 2013లో నంద్యాలలో పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, దక్షిణ ఇండియా సంఘంలో మొదటి ఆడ బిషప్. మా అమ్మ పేపర్లో ఆ ఫోటో కత్తిరించి బైబిల్లో పెట్టుకుంది. కానీ అదే అమ్మ ఫోన్లో రోజూ వినే ప్రసంగీకుడు జీన్సు వేసుకునే ఆడపిల్లల మీద గంటసేపు మాట్లాడతాడు. గుణవతి అయిన భార్య అని సామెతల చివరి అధ్యాయం తీస్తాడు. అందులో ఆమె పొలం చూసి కొంటుంది, సరుకు అమ్ముతుంది. మా అమ్మలు నడుం విరిగేదాకా పనిచేశారు, పొలం మాత్రం ఒకరి పేరనా లేదు. దాని మీద ప్రసంగం ఎప్పుడో?

కాయితాల బాధ మాత్రం ఇంకా ఉంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒకామెకి ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదంది. చూపించిన సాక్ష్యాల్లో ఆమె తల్లిదండ్రుల పెళ్ళి క్రైస్తవ వివాహ చట్టం కింద నమోదవడం ఒకటి. అమ్మ పెళ్ళి కాయితం కూతురి ఉద్యోగానికి అడ్డం. అందుకే మా పల్లెల్లో గుళ్ళో పెళ్ళి చేసుకుని ఆ కాయితం ఇంటికి తెచ్చుకోకుండా వదిలేసేవాళ్ళున్నారు. మగాడికి అది తెలివి. రేపు వాడు వదిలేస్తే ఆడదాని చేతిలో ఫోటోలు తప్ప ఏముంటాయ్?

మా అక్క కూతురు ఇవన్నీ చూసి పెరిగింది. పోయిన ఏడాది దాని పెళ్ళి. కట్నం లేదు, అబ్బాయిది మాలపల్లె. మాదిగపల్లె పిల్ల మాలపల్లెకి పోవడం మా సంఘాల్లో ఇప్పటికీ వింతే. క్రీస్తులో అంతా ఒకటే అనే మాట గుడి గోడ మీద రాసి ఉన్నా సరే. ముందు ఇద్దరూ రిజిస్ట్రారాఫీసుకి పోయి 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద దరఖాస్తు పెట్టారు. ముప్ఫయి రోజులు నోటీసు బోర్డు మీద పేర్లు వేలాడినయ్. అక్క రోజు మార్చి రోజు పోయి, ఆ కాయితం ఎవరన్నా చింపారేమో అని చూసొచ్చేది. సాక్షి సంతకం అక్కే పెట్టింది. ఆ తర్వాతే గుళ్ళో ప్రార్థన.

ముందురోజు పిల్ల పాస్టరుగారి దగ్గరికి పోయి, 21వ వచనం నుంచి చదవాలని అడిగింది. ఆయన అక్క వైపు చూశాడు. అక్క ఏమీ అనలేదు. మర్నాడు ఆయన 21 నుంచే మొదలుపెట్టాడు, ఆ ఒక్క వచనం కొంచెం తొందరగా చదివి.